ఐదడుగుల అల, ఆరబోసిన వడ్లు

ఏప్రిల్ చివర, పొద్దున పదకొండు. ఎల్లారెడ్డి పక్క ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం నుంచి హన్మండ్లు, కామారెడ్డిలో ఆఫీసు నుంచి కూతురు సాయిలత, ఫోనులో.

“స్పీకర్ల పెడుతున్న బిడ్డ. ఒక్క మాట చెప్పు, వాన రాదని. చాలు.”

“ఆగు బాపు, స్పీకర్ల పెట్టకు. వాన రాదని నేనెట్ల చెప్త? నేను కామారెడ్డిల ఆఫీసుల ఉన్న.”

“ఆఫీసుల ఉన్నవనే గద అడుగుతున్న.”

“అక్కడేమైంది? మొగులు పట్టిందా?”

“పట్టింది. పడితే పట్టింది.”

“ఎట్లున్నది?”

“జర నల్లగనే ఉన్నది. నిజాంసాగర్ దిక్కుకెల్లి వస్తున్నది. బర్రె రంగుల ఉన్నది.”

“గాలి?”

“గాలి కూడ లేసింది. మన పక్క కుప్ప అబ్రాహాము తువ్వాల ఇప్పుడే కొట్టుకపోయింది. తెచ్చుకుందామని ఉరికిండు. అయితేంది, నువ్వు రాసినవ్ గద.”

“ఏం రాసిన?”

“పొద్దుమీకేదాక ఆకాశం తేటగ ఉంటదని.”

“బాపు, వడ్లు ఏడున్నయి ఇప్పుడు?”

“ఏడుంటయి, కేంద్రంల ఉన్నయి. ఆరబోసినం. మన ఒక్కళ్లయే కాదు, ముప్పై ఇండ్లోళ్లయి. పొద్దుగాలనే అందరం పరదాలు తీసి పరిచినం. తేమ పదిహేడు శాతంకు దిగితెనే తూకం. నిన్న మనకు పద్దెనిమిదిన్నర చూపిచ్చింది. ఇయ్యాల ఒక్క పూట ఎండితే రేపు లారీ ఎక్కుతయి.”

“పరదాలు కప్పుండ్రి బాపు.”

“ఎందుకు?”

“వాన వస్తది.”

“నువ్వు రాదంటివి.”

“నేనెప్పుడన్న?”

“ఏడింటికి. పేజీల. ఇగో నా ముందరనే ఉన్నది, చదువుత విను. ‘ఆకాశము తేటగా ఉండును. గాలి మెల్లగా. రోజంతయు బయట గడుపుటకు అనువైన దినము. వ్రాసినది, సాయిలత హన్మండ్లు.’ నా పేరు కూడ ఉన్నది.”

“అది నీకెట్ల తెలుగుల వచ్చింది?”

“నౌకరి వచ్చిన కొత్తల నువ్వే పంపితివి, ఇట్ల నా పేరు పడుతది బాపు అని. ఇంగ్లీషుల ఉండె. రోజు తీసి నా పేరు అక్షరాలొక్కటే చూసుకొని మూసేద్దును. కేంద్రంకు వడ్లు తెచ్చిన రోజు, ఇయ్యాలటికి పదమూడు రోజులు, ఇక్కడ కంప్యూటరు కాడ కూసునే హరీష్ నా ఫోన్ల ఏదో నొక్కిండు. మొత్తం తెలుగైంది. అప్పటికెల్లి రోజు చదువుతున్న.”

“రోజా?”

“నేను చదువుత, అందరింటరు. నువ్వు ఎండంటే పరుస్తం, మబ్బంటే కప్పుతం. ఒక్క గింజ తడవలే ఇప్పటిదాక. పక్క ఊరి కేంద్రమోళ్లు కూడ మనిషిని పంపుతున్నరు, హన్మండ్లు బిడ్డ ఏమన్నది అని.”

“బాపు, నీకొకటి చెప్త, కోపానికి రాకు. అది మన దిక్కు వాతావరణం కాదు.”

“మరెవలది?”

“సముద్రంల ఒక దీవి ఉన్నది. దాని ముంగట నీళ్ల కింద రాతి దిబ్బ ఉంటది. అల వచ్చి ఆ దిబ్బకు తగిలి పైకి లేస్తది. ఆ అల మీద పలకేసుకొని, పలక మీద నిలబడి, జారుతరు.”

“ఎవలు?”

“మనుషులే.”

“ఎందుకు?”

“సరదాకు.”

“వాళ్లకు పొలం పని లేదా?”

“లేదనుకుంట. అల ఎంత ఎత్తు వస్తది, గాలి ఎటు దిక్కు, ఆకాశం ఎట్లుంటది, అది వాళ్ల కోసం రాస్తం మేము. నౌకరి వచ్చినప్పుడే చెప్పిన గద నీకు.”

“చెప్పినవ్. నీళ్ల కింద దిబ్బ, అలలు అన్నవ్. నాకు నీళ్లంటే నిజాంసాగరే గదనే. ఇంకో నీళ్లు నేనెప్పుడు చూసిన?”

“నిజాంసాగర్ల అలలెక్కడుంటయి బాపు?”

“ఏమో, డిగ్రీ చదివినోళ్లకు కనబడుతయేమో అనుకున్న. మరి ‘అల ఐదు అడుగులు’ అని ఉంటది, అదేంది?”

“ఆ దీవి కాడ అల.”

“నేను డ్యాముల నీళ్లు ఐదడుగులు పెరిగినయని చెప్పిన. నిన్న ఆరడుగులన్నవ్. ఇంకో అడుగు ఎక్కిందన్న. మన ఊరి లక్ష్మీరాజం వానాకాలంకు ఇంకో రెండెకరాలు కౌలుకు మాట్లాడుకుందామని తిరుగుతున్నడు.”

“ఆపు బాపు ఆయనను.”

“ఆయనను ఆపుడు ఇది రెండోసారి అయితది. మొన్న ఆదివారం చేపలకు పోతనంటె, ‘ప్రారంభకులు దిగరాదు’ అని పేజీల ఉన్నది, నువ్వు దిగకు అన్న. ముప్పై ఏండ్లకెల్లి వల ఏస్తున్న, నేను ప్రారంభకున్నా అని లడాయి వెట్టుకున్నడు. నేను ఫోను చూపిచ్చిన. నోరు మూసుకొని ఇంటికాడ కూసున్నడు పాపం. ఆయన పెండ్లాం చేపల కూర జాగల శనగ గుడాలు వండి పెట్టిందట ఆ పూటకు.”

“అయ్యో.”

“అన్నట్టు నువ్వు సముద్రం చూసినవా బిడ్డ?”

“లేదు.”

“మరెట్ల రాస్తవ్?”

“అలల లెక్క కంప్యూటరే ఇస్తది. చదివేటోళ్లకు అర్థమయ్యేటట్టు మంచి ఇంగ్లీషుల పెట్టుడు నా పని. బాపు, ఇవన్ని మాపటికి మాట్లాడుకుందము. ఇప్పుడు కప్పు.”

“ఆగు. నువ్వు రాసేది ఏడనో ఉన్న దీవి సంగతైతె, పదమూడు రోజులు మాకెట్ల సరిపోయింది? మంగళారం మబ్బన్నవ్, మబ్బే. బేస్తారం పగటాల్లకు గాలి దుమారమన్నవ్, హరీష్ కూసునే షెడ్డు రేకు లేసిపోయింది. ఒక్కటి తప్పు పోలే.”

“అది తర్వాత చెప్త.”

“ఇప్పుడు చెప్పు.”

“ముందు కప్పు బాపు.”

“చెప్పినంక కప్పుత.”

“మొలకలొస్తయి వడ్లకు. నలభై బస్తాలు.”

“నలభై రెండు.”

“నలభై రెండు. అవ్వ ఏమంటుంది?”

“మీ అవ్వది తెల్లారకముందుకెల్లి ఒకటే లొల్లి. వాన వస్తది, పరదాలు తీయకు అని. ఇంటికాడికెల్లి ఉప్పు డబ్బ పట్టుకొని వచ్చింది కేంద్రంకు. ఉప్పు నీరు గారుతున్నది చూడు అని ముప్పై మంది ముందర మూత తీసి చూపిచ్చింది. నేనన్న, నీ ఉప్పు డబ్బ ఏ కాలేజీల చదివింది అని. అందరు నవ్విండ్రు.”

“అవ్వ?”

“అవ్వ నవ్వలే.”

“బాపు, నా మాట విను. నీ కాలు మొక్కుత. కప్పు.”

“బిడ్డ, నీకు తెలుస్తలేదు. ఇక్కడ అందరి చేతులల్ల పరదాలున్నయి. అందరు నా మొఖం దిక్కే చూస్తున్నరు. నేను మొదలు కప్పితే ఏమంటరు? సొంత తండ్రే నమ్మలే అంటరు. పదో తరగతి కాడ చదువు ఆపుమని నాకు చెప్పినోళ్లున్నరు వీళ్లల్ల. ఆడివిల్లకు కామారెడ్డి ఎందుకన్నోళ్లున్నరు. వాళ్లే ఇప్పుడు ఏడింటికి లేసి, సాయిలత ఏం రాసింది చదువే అని నా ఎంబడి పడుతున్నరు. వాళ్ల ముందర నేను పరదా కప్పాల్నా?”

“తప్పు నాది బాపు. కప్పితే నాదే తప్పైతది, నీది కాదు.”

“అదే వద్దంటున్న.”

“నా పేరు కంటె వడ్లు ఎక్కువ కాదా?”

“నా వడ్లైతె కాదు.”

“మరి అబ్రాహాము వడ్లు? మిగిలిన ఇరవై ఎనిమిది ఇండ్లోళ్లయి?”

“ఆగు. చేతి మీద ఒక చుక్క పడ్డది.”

“కప్పు మరి.”

“చెమట గావొచ్చు.”

“బాపు.”

“ఇగో, ఒక పని చెయ్. పేజీల నువ్వే మార్చు. వాన వస్తది అని రాయి. నేను చదువుత. అప్పుడు నీ మాట కాదని కప్పినట్టు ఉండది, నీ మాట మీద కప్పినట్టు ఉంటది.”

“అది వేరే దేశపోళ్ల పేజీ బాపు. అక్కడిప్పుడు ఎండ గొడుతుండొచ్చు. అందరు నీళ్లల్లనే ఉంటరు.”

“ఎంతమంది ఉంటరు?”

“ఇరవై, ముప్పై మంది.”

“వాళ్లకు వడ్లున్నయా?”

“లేవు.”

“అయితె వాళ్లకేం పోతది? రాయి.”

“సార్ చూస్తడు.”

“ఇంకో చుక్క పడ్డది. ఇది చెమట కాదు.”

“రాస్తున్న. ఆగు. ‘కొద్దిసేపట్ల గట్టి వాన. బయట ఉన్నయన్ని కప్పుకోండ్రి.’ ఇంతే. పెట్టిన. చూడు.”

“తిరుగుతున్నది… తిరుగుతున్నది… నెట్ జర మెల్లగున్నది… వచ్చింది. తెలుగు నొక్కుతున్న. ‘స్వల్ప కాలములో భారీ వర్షము. బయట ఉన్న సమస్తమును కప్పవలెను.’ సమస్తమును. మంచిగ రాసినవ్ బిడ్డ. ఓ అబ్రాహాము, ఓ లక్ష్మీరాజం, ఇటు ఇనుండ్రి, కొత్తది పడ్డది, నా బిడ్డ రాసింది, సమస్తమును కప్పాల్నట, లగాయించుండ్రి. ఫోను పెట్టకు బిడ్డ.”

“పెడుతలేను. ఉరుకు నువ్వు.”

“…”

“బాపు. బాపు? ఏమైతుంది?”

“బాపు కాదు, నేను. ఫోను నా ఒళ్లె పడేసి ఉరికిండు.”

“అవ్వ, కప్పుతుండ్రా?”

“కప్పుతుండ్రు. నేను పొద్దుగాలనే పరదా మడతలు విప్పి, అంచుల మీద పెట్ట రాళ్లేరి కుప్పవోసుకొని కూసున్న. ఎప్పుడైతేంది, కప్పుడు ఖాయమేనని. ఇప్పుడు ఆ రాళ్లకే కొట్లాడుతుండ్రు అందరు.”

“మనయి?”

“మనయి అయిపోయినయి. మీ బాపు అబ్రాహాము కుప్ప మీదెక్కి పరదా గుంజుతున్నడు. లక్ష్మీరాజం ఇంకో కొస పట్టిండు. ఇంకా అదే అడుగుతున్నడు మీ బాపును, నేను ప్రారంభకున్నా అని. అగో, షురువైంది. ఇనబడుతుందా?”

“ఇనబడుతుంది. రేకుల మీద పడుతున్నట్టున్నది.”

“దంచుతున్నది. ఏం తడవలే బిడ్డ. తడిసింది మీ బాపొక్కడే.”

“హమ్మయ్య. అవ్వ, ఒక్క నిమిషం ఉండు, కృష్ణమోహన్ సార్ వచ్చి నిలబడ్డడు.”

“ఉన్న.”

“…”

“ఏమన్నడు మీ సారు?”

“దీవికెల్లి మెసేజి వచ్చిందట. ఇరవై ఆరు మంది నీళ్లల్లకెల్లి బయటికొచ్చి, పలకల మీద బట్టలు కప్పి, బండ్ల మీద సంచులు కప్పి, గదులల్ల కూసున్నరట. ఎండ కండ్లు మండేటట్టు కొడుతున్నదట. మీరు చెప్పినట్టే సమస్తం కప్పినం, ఇంకెంతసేపు కూసోవాలె అని అడుగుతున్నరు.”

“ఎండ కొడుతుంటె ఎందుకు కూసున్నరు?”

“పేజీల వాన అని ఉన్నదని.”

“బయటికొచ్చి మీదికి చూసే తెలివి లేదా వాళ్లకు?”

“మన కేంద్రంల ఎంతమందికి ఉన్నది అవ్వ?”

“అది కూడ నిజమే. మరి మీ సారు కోపం జేసిండా?”

“చేసిండు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ముందు వాళ్లకు తప్పైందని రాయి, తర్వాత నా దగ్గరికి రా అన్నడు. రాసిన ఇప్పుడే. మళ్ల నీళ్లల్ల దిగుతుండొచ్చు.”

“నౌకరి ఉంటదా?”

“ఉంటది అన్నట్టే ఉన్నడు. పోయేటప్పుడు, మీ నాయిన వడ్లు తడిసినయా అని అడిగిండు.”

“మంచోడే. ఇగో మీ బాపు వచ్చిండు, తడి కాళ్లు ఈడ్చుకుంట. స్పీకర్ల పెట్టుమంటున్నడు.”

“పెట్టు.”

“బిడ్డ, అన్ని కప్పినం. ముప్పైకి ముప్పై కుప్పలు. అందరు నిన్నే అంటుండ్రు, గడియ ముందు చెప్పింది, గడియకే పడ్డది అని. అబ్రాహాము అయితె దండం పెట్టిండు ఫోనుకు. ఇగ చెప్పు. పదమూడు రోజులు మాకెట్ల సరిపోయింది?”

“అవ్వ పక్కనే ఉన్నదా?”

“ఉన్నది. ఇంటున్నది.”

“అయితె ఇద్దరు ఇనుండ్రి. రెండు వారాల కింద ఆ దీవి కాడ సముద్రంల యంత్రం ఖరాబైంది. అలల లెక్క వస్తున్నది గాని, గాలి, ఆకాశం సంగతి రాకుండ ఆగిపోయింది. ఆ జాగ ఖాళీ ఉండొద్దు, బాగైందాక ఏదో ఒకటి రాయి అన్నడు సార్. ఏదో ఒకటంటె అబద్ధమైతది గద బాపు. నాకు అబద్ధం రాయ మనసొప్పలే. ఎక్కడిదైతేంది, ఒక నిజమే రాద్దమనుకున్న.”

“ఎక్కడి నిజం?”

“రోజు పొద్దుగాల ఆరింటికి అవ్వకు ఫోన్ చేస్త గద. ‘ఇయ్యాల ఎండ గట్టిగుంటది బిడ్డ, ఛత్రి పట్టుకపో’ అంటది. అది పేజీల ‘ఆకాశం తేటగ’ అని రాసిన. ‘పగటాల్లకు దుమారం లేస్తది, బట్టలు డాబా మీద ఆరెయ్యకు’ అన్నది బేస్తారం. అది ‘మధ్యాహ్నం నుంచి బలమైన గాలి’ అయింది. గట్ల.”

“అంటె…”

“అంటె పదమూడు రోజులకెల్లి దీవోళ్లు చదివింది, నువ్వు చదివింది, అవ్వ చెప్పిందే.”

“మరి ఇయ్యాల ఎట్ల తప్పు పోయింది?”

“ఇయ్యాల ఆరింటికి ఫోన్ చేస్తె అవ్వ ఎత్తలే. నువ్వెత్తినవ్.”

“అప్పటికి నా ఫోన్ల నెట్ రీచార్జి చేయలే. పేజీ చూద్దమని మీ అవ్వ ఫోను తీసుకున్న.”

“గుంజుకున్నవ్. నేను చాయ్ పోస్తుంటె, నా చేతిలకెల్లి గుంజుకున్నవ్.”

“సరే, గుంజుకున్న.”

“నేను నిన్నడిగిన బాపు, ఇయ్యాల ఎట్లుంటది అక్కడ అని. ఆకాశం తేటగ, గాలి మెల్లగ, రోజంత బయట ఉండొచ్చు అన్నవ్. బాపు ఎంత మంచిగ చెప్పిండు అనుకున్న. అట్లనే రాసిన. ఎక్కడ చూసి చెప్పినవ్?”

“పేజీల.”

“నిన్నటి పేజీలనా?”

“ఇయ్యాలటిది ఇంకా పడలే గద అప్పటికి.”

“మీదికి చూడలేదా?”

“మీదికెందుకు చూస్త, చేతిల ఫోను ఉండంగ?”

“నేను పక్కనే నిలబడి ఉన్న బిడ్డ. ఉప్పు డబ్బ పట్టుకొని.”

“మంగా, జర ఆగు. నన్ను అర్థం చేసుకోనియ్యి. ఈ పదమూడు రోజులు నేను ఊరందరిని కూసోబెట్టి, గొంతు సవరిచ్చుకొని, లేసి నిలబడి చదివింది…”

“అవ్వ మాటనే బాపు.”

“పక్క ఊరోళ్లు మనిషిని పంపింది…”

“అవ్వ మాటకే.”

“మరి కింద నా పేరుండె.”

“నీ పేరు ఉంటది బాపు, నా ఇంటిపేరు జాగల. అవ్వ పేరే లేకుండె. తప్పు నాదే. అవ్వ, మాఫ్ చెయ్. సార్‌తోటి మాట్లాడి, రేపటికెల్లి దీవోళ్లకు దీవి సంగతే రాస్త, యంత్రం బాగైందాక ఆ జాగల ‘తెలియదు’ అని పెడుత. మీ కేంద్రంకు వేరే, వాట్సాప్‌ల గ్రూపు చేస్త. అవ్వ ఆరింటికి నాకు చెప్తది, ఏడింటికి గ్రూపుల పెడుత. కింద అవ్వ పేరుంటది. మంగవ్వ అని.”

“నాకెందుకు బిడ్డ పేరు? ఉప్పు డబ్బ ఏ కాలేజీల చదివిందని అడుగుతరు.”

“అవ్వ, నవ్వుతున్నవా?”

“ఇప్పుడు నవ్వుతున్న.”

“నవ్వనియ్యి మీ అవ్వను. నాకు ఇంకో ఫికరు పట్టింది. ఈ వానకు నేలంత పచ్చిగైంది. రేపు పరదాలు తీసి మళ్ల ఆరబోయాల్నా, అట్లనే ఉంచాల్నా? ముప్పై మంది ఇప్పుడే అడుగుతుండ్రు. మంగా.”

“ఏంది?”

“నువ్వు చెప్పే. రేపెట్లుంటది?”

“నన్నెందుకు అడుగుతవ్? బిడ్డకు చెప్త. ఏడింటికి పడుతది, చదువుకో.”